ఇంతకీ కొవ్వూరు ఏ జిల్లా?

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు అటక మీంచి ట్రంకుపెట్టె దించాం. నాన్నకి ఏదో పాత పన్ను రసీదు కావాల్సి వచ్చింది. రసీదు దొరకలేదు గానీ, నేను మాత్రం అన్నానికి పిలుస్తున్నా వినపడనట్టు ఆ పెట్టె ముందే కూర్చుండిపోయాను. ముందు 1918 నాటి స్థలం దస్తావేజు ఒకటి కనపడింది. మా ముత్తాతగారి నాన్నగారి పేరు మీదుంది. అందులో మా ఊరు కృష్ణా జిల్లా. దాని కిందే మా తాతయ్య స్కూలు సర్టిఫికెట్టు. అందులో మా ఊరు పశ్చిమ గోదావరి జిల్లా. ఆ రెండూ పట్టుకుని హాల్లోకొస్తే టేబుల్ మీద మా అక్క కూతురి జనన ధ్రువీకరణ పత్రం. అది 2023లో పుట్టింది. అందులో మా ఊరు తూర్పు గోదావరి జిల్లా!

ఇల్లు మాత్రం అదే ఇల్లు. గోష్పాద క్షేత్రం రేవు నుంచి నడిస్తే పది నిమిషాలు. పెంకులు తీసి శ్లాబు వేశారు తప్పితే పునాది కూడా మారలేదు. 

తాతయ్యకి చూపిస్తే తేలిగ్గా తీసిపారేశారు. "జిల్లా ఏదైతే ఏంట్రా, పన్ను కట్టేది మనమేగా!" అన్నారు.

ఆయనకి తేలికే. నాకు కాదు. పోయినేడు ఒక ఆఫీసులో (పేరెందుకులెండి) ఆన్‌లైన్ దరఖాస్తు నింపాల్సొచ్చింది. పుట్టిన ఊరు, పుట్టిన జిల్లా అడిగాడు. నా పదో తరగతి సర్టిఫికెట్టులో పశ్చిమ గోదావరి. ఆధార్ అడ్రసు మార్పించినప్పుడు తూర్పు గోదావరి అయ్యింది. ఆ దరఖాస్తులో జిల్లాల జాబితాలోంచి పశ్చిమ గోదావరి ఎంచుకుంటే, కింద మండలాల జాబితాలో కొవ్వూరు రాదు. తూర్పు ఎంచుకుంటే వస్తుంది, కానీ సర్టిఫికెట్టుతో కలవదు కాబట్టి దరఖాస్తు వెనక్కొస్తుంది. రెండుసార్లు వెనక్కొచ్చింది. మూడోసారి కౌంటర్లో ఉన్నాయన నన్ను పైకీ కిందకీ చూసి "అసలు మీది ఏ ఊరండీ?" అన్నారు, నేనేదో దొంగ అడ్రసు చెప్తున్నట్టు. 

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మొదట్లో డేటాబేసు గురించి నేర్పే పాఠం ఒకటుంది. మారే విలువని ప్రైమరీ కీగా పెట్టకూడదు. మనిషికి ఫోన్ నంబరు కీగా పెడితే, నంబరు మారిన రోజున ఆ మనిషి చరిత్రంతా గల్లంతవుతుంది. జిల్లా అనేది మారే విలువ. అలాంటిదాన్ని ఊరి గుర్తింపుకి కీ చేసి కూర్చున్నాం. దరఖాస్తుల సంగతి ఎవరో ఒకరు ఎప్పటికైనా సరిచేస్తారు. నన్ను తినేస్తున్నది ఇంకోటి. మన ప్రాంతాల చరిత్ర కూడా జిల్లాల వారీగానే రాశారు. జిల్లా గీత జరిగినప్పుడల్లా మా కొవ్వూరు తాలూకా ఆ పుస్తకాల మధ్య సందులో పడిపోయింది.

ఎలాగో చెప్తాను. కొంచెం తేదీల గొడవ ఉంటుంది, ఓపిక పట్టండి.

1859కి ముందు మాది రాజమండ్రి జిల్లా. ఆ ఏడాది కంపెనీ పోయి రాణీగారి పాలన వచ్చిన కొత్తలో, రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాలని తీసేసి గోదావరి, కృష్ణా అని రెండు జిల్లాలు చేశారు. మేం గోదావరి జిల్లాలో ఉన్నాం, కలెక్టరు కాకినాడలో. 1904లో నదికి పడమటి వైపున్న తాలూకాలు ఎర్నగూడెం, ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం తీసి కృష్ణా జిల్లాకి ఇచ్చారు. మా ఊరు అప్పట్లో ఎర్నగూడెం తాలూకా కింద ఉండేది. తర్వాత అది కొవ్వూరు తాలూకా అయింది. ఎర్నగూడెం ఇప్పుడు దేవరపల్లి మండలంలో, హైవే పక్కన ఒక ఊరు. ఒకప్పుడు తాలూకా దాని పేరు మీదుండేదంటే బస్సులో పోయేవాళ్ళెవరూ నమ్మరు. సరే, 1925లో కృష్ణా జిల్లాని మళ్ళీ చీల్చారు. ఏలూరు కేంద్రంగా పశ్చిమ గోదావరి వచ్చింది. అవతలి ఒడ్డున మిగిలిన గోదావరి జిల్లాకి తూర్పు గోదావరి అని పేరు పెట్టారు. దాదాపు 97 ఏళ్ళు అలాగే గడిచింది. మధ్యలో 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు మేం నది దాటకుండానే తూర్పు గోదావరి వాళ్ళమైపోయాం.

ఇప్పుడు పుస్తకాల సంగతి చూడండి. గోదావరి జిల్లా మీద హెన్రీ మోరిస్ పుస్తకం 1878లో వచ్చింది. అందులో మేం ఉన్నాం, ఆ జిల్లా వాళ్ళం కాబట్టి. కృష్ణా జిల్లా మాన్యువల్ గోర్డన్ మెకంజీ రాశాడు, 1883లో. అందులో మేం లేం, అప్పటికి ఆ జిల్లా వాళ్ళం కాం. 1907లో హెమింగ్వే (నవలలు రాసినాయన కాదు లెండి :)) గోదావరి జిల్లా గెజిటీర్ తెచ్చాడు. ఇప్పటికీ గోదావరి చరిత్ర అంటే అందరూ తిప్పేది ఆ పుస్తకమే. ఒక్కో తాలూకా తీసుకుని ఊళ్ళ గురించి, గుళ్ళ గురించి, కులవృత్తుల గురించి రాసుకుంటూ పోయాడు. అందులోనూ మాకు అధ్యాయం లేదు. అప్పటికి మూడేళ్ళ ముందే మమ్మల్ని కృష్ణాకిచ్చేశారు. మెకంజీ తర్వాత వచ్చి, హెమింగ్వేకి ముందే వెళ్ళిపోయామన్నమాట. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక పశ్చిమ గోదావరి గెజిటీర్ వచ్చింది, అందులో ఉన్నాం. కానీ ఇప్పుడు పశ్చిమ గోదావరి చరిత్ర అని కొత్తగా ఎవరైనా రాస్తే భీమవరం కేంద్రంగా రాస్తారు. తూర్పు గోదావరి చరిత్ర రాస్తే రాజమండ్రి గట్టు మీద నిలబడి రాస్తారు. మా ఊరు ఆ గట్టు మీంచి కనపడే అవతలి ఒడ్డు. రాజమండ్రి పుష్కరఘాట్‌లో సాయంత్రం ఫోటోలు తీసుకునే వాళ్ళందరికీ సూర్యుడు మా ఊళ్ళోనే అస్తమిస్తాడు. అంతవరకే మా పాత్ర.

ఇక్కడో మాట చెప్పాలి. నేను 2022 మార్పుకి వ్యతిరేకిని కాను. కలెక్టరు ఆఫీసుకెళ్ళాలంటే ఏలూరు ఎనభై కిలోమీటర్ల పైమాటే. ఒక రోజు పోయేది, కూలికెళ్ళే వాడికైతే ఆ రోజు కూలీ కూడా పోయేది. ఇప్పుడు బ్రిడ్జి దాటితే రాజమండ్రి. ఆసుపత్రికి, కాలేజీకి, బంగారం కొనడానికి, సినిమాకి ఎప్పుడూ వెళ్ళేది అక్కడికే. కాబట్టి జిల్లా రాజమండ్రి కావడం సబబే. ఆ లెక్కన 163 ఏళ్ళు తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే వచ్చాం. నా పేచీ పేరుతోనూ, అది ఎలా వచ్చిందన్నదానితోనూ.

తూర్పు, పడమర అన్నవి 1925లో జంటగా పెట్టిన పేర్లు. నదికి ఇటు, అటు అని అర్థం. కొత్త జిల్లాలకి లోక్‌సభ నియోజకవర్గాన్ని కొలబద్దగా పెట్టుకున్నారు. రాజమండ్రి లోక్‌సభ స్థానంలో కొవ్వూరు, నిడదవోలు, గోపాలపురం 2008 పునర్విభజనలో కలిశాయి. జనాభా లెక్కలు సరిచూసి గీసిన గీత అది. పద్నాలుగేళ్ళ తర్వాత ఆ గీతే జిల్లా సరిహద్దయింది. (గోపాలపురంలోంచి ద్వారకా తిరుమల మండలం మాత్రం ఏలూరు జిల్లాకెళ్ళింది.) దాంతో ఇప్పుడు తూర్పు గోదావరి జిల్లాలో నదికి పడమటి వైపు మూడు నియోజకవర్గాలున్నాయి, సముద్రం మాత్రం లేదు. పశ్చిమ గోదావరేమో మాకు దక్షిణాన ఉంది. చిన్నపిల్లలకి దిక్కులెలా నేర్పాలో మాస్టార్లే చెప్పాలి. రాజమండ్రి జిల్లా అని పాత పేరే పెట్టి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు.

అసలు మాకు తూర్పేంటి, పడమరేంటి? గౌతమి, వశిష్ఠ అని చీలేది ధవళేశ్వరం దగ్గర. మా ఊరి ముందున్నది ఇంకా చీలని అఖండ గోదావరి. ఇవతల నించుంటే అవతలి ఒడ్డున ఏముందో పోల్చుకోవడానికి కళ్ళు చికిలించాలి. అలాంటి నదికి రెండు గట్లూ ఒకే ఊరిలా బతికాయి. 1900లో హేవలాక్ బ్రిడ్జి వచ్చింది, 56 స్పాన్లు, రైళ్ళకి మాత్రమే. రోడ్డున వెళ్ళేవాళ్ళకి 1974 దాకా పడవో, లాంచీయో గతి. 1974లో పైన రోడ్డు, కింద రైలు ఉండే బ్రిడ్జి వచ్చింది. 1997లో ఆర్చి బ్రిడ్జి పూర్తయ్యాక హేవలాక్‌కి పెన్షన్ ఇచ్చారు. 2015 పుష్కరాల ఏడాది మా పక్కనున్న కుమారదేవం దగ్గర్నుంచి నాలుగో బ్రిడ్జి. ఒక ఊరికి నాలుగు బ్రిడ్జిలు! నాలుగూ రాజమండ్రి బ్రిడ్జిలే అందరికీ. బ్రిడ్జికి రెండు చివర్లుంటాయని మర్చిపోతారు కాబోలు.

మూడేళ్ళ క్రితం ఆఫీసు పని మీద టెక్సస్‌లోని ప్లేనోలో మూడు నెలలున్నాను. అది కాలిన్ కౌంటీ. ఫ్రిస్కో, ప్లేనో, ఆలెన్... మనవాళ్ళు గుంపులు గుంపులుగా ఉండే చోటు. ఒక ఆదివారం ఏం తోచక కౌంటీ ముఖ్యపట్టణం మెకిన్నీ వెళ్ళాను. ఊరి నడిబొడ్డున పాత కోర్టు భవనం, దాని చుట్టూ చతురస్రంగా అంగళ్ళు. పాత పోస్టాఫీసు భవనంలో కౌంటీ చరిత్ర మ్యూజియం. 1846లో కౌంటీ ఏర్పడిందట. కాలిన్ మెకిన్నీ అనే ఒకే మనిషి మొదటి పేరు కౌంటీకి, ఇంటిపేరు ముఖ్యపట్టణానికి పెట్టారు. (మనవాళ్ళు కూడా ఇంత పొదుపుగా ఆలోచించలేదు.) ప్లేనోలో 1908 నుంచి 1948 దాకా నడిచిన కరెంటు రైలుకి ఒక మ్యూజియం. ఫ్రిస్కో అన్న పేరే ఒక రైల్వే కంపెనీ ముద్దుపేరు నుంచి వచ్చింది. అది కూడా రాసిపెట్టుకున్నారు. రోడ్డు పక్కన ఎక్కడ పడితే అక్కడ లోహపు ఫలకాలు, ఇక్కడ ఫలానా బడి ఉండేది, ఇక్కడ ఫలానా శ్మశానం ఉంది అని.

అమెరికాలో మూడువేలకి పైగా కౌంటీలున్నాయి, ఒక్క టెక్సస్‌లోనే 254. దాదాపు ఏ కౌంటీ తీసుకున్నా దాని భూమి ఎలాంటిది, ఎవరెవరు ఎప్పుడొచ్చారు, ఏ ఊరు ఎందుకు పుట్టింది, ఎందుకు పోయింది అన్నది ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. దానికి ఒక కారణం ఉంది. కౌంటీకి ఎన్నికైన ప్రభుత్వం ఉంటుంది, దస్తావేజులు కౌంటీ క్లర్కు దగ్గరే ఉంటాయి, షెరీఫ్‌ని జనమే ఎన్నుకుంటారు. అది వాళ్ళ చేతిలో ఉన్న యూనిట్టు. మన తాలూకా పైనుంచి ఇచ్చింది, పైనుంచే తీసేసుకున్నారు. అలాగని వాళ్ళ చరిత్రలు నిష్పక్షపాతమని అనుకోకండి. చాలా కౌంటీల పుస్తకాలు మొదటి తెల్ల కుటుంబం బండి దిగిన రోజు నుంచి మొదలవుతాయి. అంతకు ముందున్న కాడో జాతి వాళ్ళకి ఒక పేరా, పత్తి చేలల్లో పనిచేసిన బానిసలకి ఇంకో పేరా. అయితే పుస్తకమంటూ ఉంటే అందులో ఏం లేదో ఎత్తిచూపడానికైనా ఉంటుంది. మాకు ఆ గొడవ పడే భాగ్యం కూడా లేదు.

రాస్తే ఏం రాస్తాం, కొవ్వూరులో ఏముంది గనక అంటారా? మా ఆఫీసులో గుంటూరు మిత్రుడొకడు ఈ మాటే అన్నాడు. వాడికి చెప్పింది ఇక్కడా చెప్తాను.

మొదలు రాళ్ళతో. దుద్దుకూరు, గౌరీపట్నం, పంగిడి, దేవరపల్లి వైపు వెళ్తే నల్లరాతి క్వారీలు కనిపిస్తాయి. అది దక్కను లావా. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ నాటిది. పడమటి కనుమల వైపు నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడిదాకా వచ్చిందని చాలామంది భూగర్భ శాస్త్రవేత్తల అభిప్రాయం. భూమ్మీద అంత దూరం పారిన లావా ఇంకోటి తెలియదంటారు. రాళ్ళ పొరల మధ్యలో సున్నపురాయి, అందులో అప్పటి జీవుల శిలాజాలు. అవతలి ఒడ్డున కాతేరు దగ్గర కూడా ఇదే రాయి బయటపడుతుంది, అంటే జిల్లాలు పుట్టక ముందే రెండు ఒడ్లూ ఒకటే. ప్రపంచం దీన్ని రాజమండ్రి ట్రాప్స్ అంటుంది. (చూశారా, ఇక్కడా రాజమండ్రే!) మేం దాన్ని కంకర అంటాం, టిప్పర్ల లెక్కన అమ్ముతాం. క్వారీ వద్దనడం లేదు, దాని మీద బతికే కుటుంబాలు బోలెడు. ఒక్క గోడ, ఒక్క ముఖం కొట్టకుండా వదిలేసి, పక్కన ఒక బోర్డు పెట్టమంటున్నా.

తర్వాత నీళ్ళు. కొవ్వూరు అనగానే "డెల్టా వాళ్ళు, మీకేంటండీ" అంటారు. కాటన్ దొర 1847 నుంచి 1852 దాకా కట్టిన ఆనకట్టకి పడమటి కొస విజ్జేశ్వరం. పశ్చిమ డెల్టా కాలవ అక్కడ మొదలవుతుంది. మా ఊరు దానికి ఎగువన ఉంది. అంటే కాలవ నీళ్ళు మాకు రావు, నది ఎదురుగా ఉన్నా సరే. ఊరి పేర్లు చదివితే చాలు భూగోళం అర్థమైపోతుంది. ఆరికిరేవుల, పేరులోనే రేవు. మద్దూరులంక, పేరులోనే లంక. పెనకనమెట్ట, పేరులోనే మెట్ట. పది పన్నెండు కిలోమీటర్లలో మూడు రకాల భూమి, మూడు రకాల బతుకు. లంకల్లో అరటి, కూరగాయలు, వరదొస్తే అన్నీ గంగపాలు. మెట్టలో బోర్లు, చెరువులు, ఆ పైన దేవరపల్లి, గోపాలపురం వైపు వర్జీనియా పొగాకు. తాళ్లపూడి మండలం తాడిపూడి దగ్గర ఎత్తిపోతలొచ్చాక కొంత మెట్టకి గోదారి నీళ్ళెక్కాయి. ఇంకో సంగతి, దేశమంతా పండించే గజేంద్ర అనే కంద రకం మా కొవ్వూరు ఉద్యాన పరిశోధన స్థానం నుంచి వెళ్ళిందే. కంద బచ్చలి కూర తినేవాళ్ళు ఒకసారి మమ్మల్ని తలుచుకోండి.

ఇక మనుషులు. అసలు కష్టం ఇక్కడే.

కొవ్వూరు మీద ఏ చిన్న వ్యాసం తీసినా గౌతమ మహర్షి, ఆయన గోవు, ఆ గోవు గిట్ట ముద్ర, గోవూరు కొవ్వూరు అయిన కథ ఉంటాయి. ఆ తర్వాత ఆంధ్ర గీర్వాణ విద్యాపీఠం, సంస్కృత పండితులు. ఇవన్నీ ఉండాల్సినవే. ఆ విద్యాపీఠం మీద ఒక మంచి పుస్తకం వస్తే మొదటి కాపీ నేనే కొంటాను. కానీ అక్కడితో ఆగిపోతే ఊళ్ళో మూడొంతుల మంది బయట నించుంటారు. 2009 ఎన్నికల నుంచి కొవ్వూరు, గోపాలపురం రెండూ ఎస్సీ రిజర్వుడు స్థానాలు. ఈ మెట్టలో, ఈ లంకల్లో మాల మాదిగ పేటలు లేని ఊరుందా? వాళ్ళ చదువుల కథ వేరేగా మొదలవుతుంది, అందులో లూథరన్ బడులుంటాయి. అమెరికా లూథరన్ మిషన్ వాళ్ళు రాజమండ్రి నుంచి నది దాటి తాళ్లపూడిలో కూడా పనిచేశారు. ఆ మిషన్ నిలబడటం కోసం 1869లో, 76 ఏళ్ళ వయసులో హేయర్ అనే ఫాదరు అమెరికా నుంచి మళ్ళీ ఓడెక్కి రాజమండ్రి వచ్చాడు. ఆయన సమాధి పెన్సిల్వేనియాలో, సోమర్సెట్ కౌంటీలో ఉంది. ఆ కౌంటీ చరిత్ర రాసేవాళ్ళకి ఆయన తెలుసు. ఆ బడుల్లో మొదటిసారి పలక పట్టుకున్న మా వైపు పిల్లల పేర్లు మాత్రం మాకు తెలియవు. ఏ చర్చి రిజిస్టర్లోనో ఉండి ఉంటాయి. చెదలు తినకపోతే.

ఇంకా నది మీద బతికేవాళ్ళు. మత్స్యకారులు, పడవ సరంగులు, ఇసుక పడవల వాళ్ళు. నడి గోదాట్లో పడవ ఆపి, బకెట్టు పట్టుకుని మునిగి, అడుగు నుంచి ఇసుక తోడి తెస్తారు. ఆ ఇసుకతో కట్టిన ఇళ్ళల్లోనే మనం పడుకునేది. 1974లో రోడ్డు బ్రిడ్జి తెరిచిన రోజు రెండు ఒడ్లకీ పండగే. లాంచీల మీద బతికేవాళ్ళకి ఆ రోజేమిటి? ఈ ప్రశ్న మా వీధి చివర ఉండే ఒక పెద్దాయన్ని అడిగాను. చిన్నప్పుడు లాంచీలో టిక్కెట్లు కొట్టేవారట. "ఆయ్, బ్రిడ్జి చూడ్డానికి మేమూ వెళ్ళామండి. పైనుంచి చూస్తే మా లాంచీ అగ్గిపెట్టంత ఉంది. అప్పుడు తెలిసింది, ఇంక ఎవరెక్కుతారండీ అని." అంతే అన్నారు, చుట్ట వెలిగించుకున్నారు. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి. హేవలాక్ బ్రిడ్జికి ఒక గవర్నరు పేరుంది, కట్టించిన ఇంజనీరు పేరు పుస్తకాల్లో ఉంది. నీళ్ళ లోపల పునాదులు తవ్విన వాళ్ళ సంగతి సరేసరి, 1974 బ్రిడ్జికి పనిచేసిన వాళ్ళు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్ళ దగ్గరికి కూడా ఎవరూ వెళ్ళలేదు.

ఎవరి పేరు ఎక్కడ రాయాలన్నది మన జిల్లాల్లో చిన్న విషయం కాదు. 2022 మేలో కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు చేర్చినందుకు అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. అందుకేనేమో స్థానిక చరిత్ర అనగానే అందరూ మహర్షి దగ్గర మొదలెట్టి కాటన్ దొర దగ్గర ఆపేస్తారు. ఎవరికీ నొప్పి లేదు. నాకు మాత్రం ఆ మౌనమే ఎక్కువ నష్టమనిపిస్తుంది. ఏ కులం వాళ్ళు ఏ రేవులో దిగేవారు, ఏ చెరువు ఎవరికి నిషేధం, ఏ ఏడాది ఆ నిషేధం పోయింది అన్నది కూడా తాలూకా చరిత్రే. 1986 వరదలో ఏ పేట ముందు మునిగిందో అడిగితే చాలు, ఎవర్ని ఏ పల్లంలో ఉంచామో బయటపడుతుంది.

2024 ఆగస్టులో కుమారదేవంలో సినిమా చెట్టు పడిపోయింది. నూట యాభై ఏళ్ళ నిద్రగన్నేరు, మూడొందల సినిమాల దాకా దాని కింద తీశారని చెప్పుకుంటారు. పడిపోయాక టీవీలన్నీ వచ్చాయి, మళ్ళీ బతికించే ప్రయత్నాలూ జరిగాయి. హైదరాబాదులో నా సహోద్యోగులు కూడా "మీ ఊరి చెట్టటగా" అని అడిగారు. అది నిలబడి ఉన్నప్పుడు దాని కింద ఏయే సినిమాలు తీశారో వరసగా, సరిచూసి రాసిన జాబితా ఒక్కటి నాకు దొరకలేదు. లావా రాయి అలాగే పోతోంది, లాంచీ మనుషులూ అలాగే పోతున్నారు. 2025 జూన్‌లో అఖండ గోదావరి ప్రాజెక్టుకి రాజమండ్రిలో శంకుస్థాపన జరిగింది. హేవలాక్ బ్రిడ్జిని చూడదగ్గ చోటుగా మారుస్తామంటున్నారు. 2027లో పుష్కరాలు. డబ్బులొస్తాయి, కాంక్రీటు పోస్తారు, బోర్డులు పెడతారు. ఆ బోర్డుల మీద ఏం రాయాలో తెలిసినవాళ్ళు ఉండాలా వద్దా? లేకపోతే మళ్ళీ గోవు గిట్ట దగ్గర మొదలెట్టి కాటన్ టోపీ దగ్గర ఆపేస్తారు, కొవ్వూరు కొసన బోర్డు కూడా రాజమండ్రి గురించే చెప్తుంది.

ఇదంతా ప్రభుత్వం చెయ్యాలని నేను అనను. తెలుగు వికీపీడియా 2003లో మొదలైంది, మన ఊళ్ళన్నింటికీ అందులో పేజీలున్నాయి. మా చుట్టుపక్కల ఊళ్ళ పేజీలు తెరిచి చూశాను. జనాభా లెక్కలు, విస్తీర్ణం, బడి ఎంత దూరం, బ్యాంకు ఎంత దూరం. సెన్సస్ పట్టిక తెలుగులోకి పోసినట్టుంది. ఆ మాత్రమైనా ఓపికగా చేర్చినవాళ్ళకి దణ్ణం పెట్టాలి, నేనది కూడా చెయ్యలేదు. ఇప్పుడు చేస్తున్నాను. ఒక పట్టిక మొదలెట్టాను. ఊరు అన్నది ఒక వరస, దానికి మార్పు లేని నంబరు ఒకటి. జిల్లా పక్కన "నుంచి, దాకా" అని రెండు గడులు. కొవ్వూరు ఎదురుగా ఐదు జిల్లాలు ఎక్కాయి. ఇంకోసారి గీత మారినా ఆరో వరస చేరుస్తా, ఊరు ఎక్కడికీ పోదు. ఆ పక్కన రేవులు, చెరువులు, బడులు, పేటలు, పాత పేర్లు ఒక్కోటీ ఎక్కిస్తున్నా. శనాదివారాలు ఊరెళ్ళినప్పుడు ఫోన్లో రికార్డరు ఆన్ చేసి పెద్దవాళ్ళ ముందు కూర్చుంటున్నా. మా నాన్నమ్మ మొదటిరోజు ఇరవై నిమిషాలు 1986 వరద గురించి చెప్పి, "ఇదంతా ఎవరికిరా, అమెరికా వాళ్ళకా?" అంది.

పాత ఎర్నగూడెం, కొవ్వూరు తాలూకాల వాళ్ళు ఇది చదువుతుంటే, ముందు మీ ఇంట్లో ట్రంకుపెట్టె తెరవండి. దస్తావేజుల మీద జిల్లా పేరు, తాలూకా పేరు, ఏడాది, ఈ మూడూ చాలు, మీ ఇంటి పేర్లు నాకక్కర్లేదు. ముఖ్యంగా ఎర్నగూడెం నుంచి తాలూకా కచేరీ కొవ్వూరికి ఏ ఏడాది వచ్చిందో చూపించే కాగితం ఎవరి దగ్గరన్నా ఉంటే ఒక ఫోటో తీసి పంపండి. అలాగే 1974కి ముందు కొవ్వూరు నుంచి రాజమండ్రికి లాంచీ టిక్కెట్టు ఎంతో గుర్తున్నవాళ్ళుంటే చెప్పండి. మా పెద్దాయన పావలా అంటున్నారు, మా తాతయ్య అంత లేదంటున్నారు. ఇద్దరూ పండగ నుంచీ మాట్లాడుకోవడం లేదు.